డోలు కొట్టిన అన్న పేరేమిటి?

ఒగ్గుకథ అనగానే మనకు మిద్దె రాములుగారు గుర్తుకొస్తారు. వేములవాడ పక్కనున్న హన్మాజీపేట వారిది. 2010లో కాలం చేశారు. మరి ఆయన వెనుక డోలు కొట్టిందెవరంటే మనలో ఎంతమందిమి చెప్పగలం?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. కథకుడు గుక్క తిప్పుకునే చోట కథను మోసేది డోలే. దరువు తప్పితే అడుగు తప్పుతుంది. ఆట అయ్యాక ఆ బరువు భుజాన వేసుకొని ఇంకో ఊరికి పోవాలి.

విదేశాల్లోనూ ఇదే తీరు. 1964 జూన్‌లో బీటిల్స్ బృందంలోని రింగో స్టార్ గొంతు జబ్బుతో ఆసుపత్రి పాలైతే, జిమ్మీ నికోల్ అనే ఆయన డెన్మార్క్ మొదలు ఆస్ట్రేలియా దాకా తిరిగి డ్రమ్ములు వాయించాడు. రింగో కోలుకోగానే నికోల్ ఇంటిదారి పట్టాడు. 1965లో దివాలా తీశాడు.

మన వంటింటి పనీ ఇంతే కదండీ! జరిగినన్నాళ్లూ ఎవరికీ కనబడదు, ఆగిననాడే తెలుస్తుంది. అందుకే ఈసారి ఇంట్లో మల్లన్న పట్నాలు వేయించినప్పుడు, కథకుడికి కట్నం చదివించాక డోలు కొట్టిన అన్న పేరు కూడా అడగండి. ఆయనకిచ్చేది ఆయన చేతికే ఇవ్వండి.