విండోస్ రావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది వినండి

బీటెక్ సెకండియర్‌లో నేను చేసిన తప్పుతో ఈ ఎపిసోడ్ మొదలుపెడతా. లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు వేసుకున్నా. తర్వాత స్పేస్ చాలట్లేదని, విండోస్‌లోంచే ఆ ఉబుంటు పార్టిషన్ డిలీట్ చేసేశా. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, మీద 'గ్రబ్ రెస్క్యూ'. షాపుకి తీసుకెళ్తే "విండోస్ ఎగిరిపోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారు. సరే అన్నా. అక్క పెళ్లి ఫొటోలు మొత్తం పోయాయి. అసలు అవి పోవాల్సిన పనే లేదు. ఎందుకో చెప్తా.

పవర్ బటన్ నొక్కినప్పుడు ప్రాసెసర్‌కి విండోస్ అంటే ఏంటో తెలీదు. ముందుగా మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ రన్ అవుతుంది. నా పాత లాప్‌టాప్‌లో అది బయాస్. ర్యామ్, కీబోర్డ్ లాంటివి చెక్ చేసుకుని, డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్ చదువుతుంది. దాని సైజు 512 బైట్లే! అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, చివరి 2 బైట్లు 'ఇది బూట్ అయ్యే డిస్కే' అనే గుర్తు. మిగిలిన 446 బైట్లలో బూట్ లోడర్ మొదటి ముక్క ఉంటుంది. అంటే వాట్సాప్‌లో తెలుగులో కొట్టిన మూడు, నాలుగు లైన్ల మెసేజ్ అంత.

అంత చిన్న జాగాలో ఏం పడుతుంది? అందుకే గ్రబ్‌లో ఆ ముక్క ఒక్క పనే చేస్తుంది: రెండో ముక్కని మెమరీలోకి తెచ్చి, పని దానికి అప్పగిస్తుంది. ఆ రెండోది మెనూ, మిగతా ఫైల్స్ ఉబుంటు పార్టిషన్ నుంచి తెచ్చుకుంటుంది. మీరు ఉబుంటు ఎంచుకుంటే లినక్స్ కెర్నల్‌ని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. విండోస్ అంటే విండోస్ బూట్ లోడర్‌కి ఇచ్చేస్తుంది.

ఇప్పుడు అర్థమైందా? నేను తీసేసింది ఆ మెనూ ఉన్న పార్టిషన్‌ని. విండోస్, ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, దారి చూపించేవాడే లేడు! విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'బూట్‌రెక్' కమాండ్‌ని 'ఫిక్స్ ఎంబీఆర్' ఆప్షన్‌తో కొట్టుంటే సరిపోయేది.

కొత్త లాప్‌టాప్‌లలో బయాస్ బదులు యూఈఎఫ్ఐ ఉంటుంది. అది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌లోంచి బూట్ లోడర్ ఫైల్‌ని నేరుగా తెరుస్తుంది. కాబట్టి వీటికి పైన చెప్పిన కమాండ్ పనిచేయదు. కానీ విషయం అదే: బూట్ అవ్వకపోవడం వేరు, డేటా పోవడం వేరు. ముందు లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి ఫొటోలు కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి.

ఫోన్‌లో జాగ్రత్త! ఆండ్రాయిడ్‌లో బూట్ లోడర్ అన్‌లాక్ చేస్తే సెక్యూరిటీ కోసం ఫోనే మీ డేటా మొత్తం చెరిపేస్తుంది. బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లకండి.

ఫార్మాట్ అనగానే తల ఊపేసే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, బై!