ఒకే వెండిపై ఇద్దఱు ప్రభువులు



నాణెమునకు ఒకవైపు బొమ్మయు, ఒకవైపు బొరుసును ఉండుట మనమెల్లరము ఎఱిగినదే. నేను నేడు ముచ్చటింపబూనిన రోమక నాణెమునకు బొరుసు లేదు. ఎటు వేసినను బొమ్మయే. ఒక ప్రక్క ఆంటొనీ ముఖము, వేఱొక ప్రక్క ఆక్టేవియను ముఖము. ఇది క్రీ. పూ. 41లో ముద్రింపబడిన వెండి దెనారియసు. తూకము తులములో ఇంచుమించు మూడవ వంతు. మన కావ్యములలోని దీనార శబ్దము ఈ పేరునుండి వచ్చినదే.

క్రీ. పూ. 44లో జూలియసు సీజరు హతుడయ్యెను. మఱుసటి యేట ఆంటొనీ, ఆక్టేవియను, లెపిడసు అను మువ్వురు అధికారమును పంచుకొనిరి. ఈ నాణెముపై లెపిడసు కానరాడు. తక్కిన యిద్దఱి ముఖముల చుట్టును ఒకే పదవి చెక్కబడియున్నది: రాజ్యమును చక్కదిద్దుటకు నియుక్తులైన మువ్వురిలో ఒకడు అని. ఆంటొనీకి నలువది దాటినవి; ఆక్టేవియనునకు 22 ఏండ్లు మించలేదు. ఈ చిన్నవాని చెక్కిలిపై సన్నని గడ్డము కలదు. తన్ను దత్తు చేసికొన్న సీజరునకై పట్టిన శోకచిహ్నమది. మనలోను మైలదినములలో క్షౌరము మానుదురు గదా!

ఆ కాలమున వార్తాపత్రికలు లేవు. చేతికి వచ్చిన నాణెమే ప్రభువులు పొత్తుగా నున్నారని చాటవలెను. అయితే ఆ యేటనే ఇటలీలో ఆంటొనీ భార్య ఫుల్వియాయు, తమ్ముడు లూషియసును ఆక్టేవియనుపై కత్తి దూసిరి. క్రీ. పూ. 40లో సంధి కుదిరినది. అప్పటికి ఫుల్వియా మరణించెను గనుక ఆక్టేవియను తన అక్కను ఆంటొనీకిచ్చి పెండ్లి చేసెను. సంబంధము కలిపిన మాత్రమున పాలివారి తగవు తీఱునా? క్రీ. పూ. 32లో ఆంటొనీ వేయించిన దెనారియసును చూడుడు. ఒక ప్రక్క అతని ముఖమే. బావమఱది యుండిన తావున ఈజిప్టు రాణి క్లియోపాట్రా. రాజులకు రాణియని ఆమె బిరుదము. ఆ యేటనే అతడు ఆక్టేవియాను విడిచెను. మఱుసటి యేట ఆక్టియము నొద్ద నావికాయుద్ధము; క్రీ. పూ. 30లో ఆంటొనీ, క్లియోపాట్రాల ఆత్మహత్య.

ఇంతకంటె నన్ను నొప్పించునది క్రీ. శ. 238 నాటి కథ. సెనేటువారు బాల్బినసు, పుపియెనసు అను ఇద్దఱు పెద్దలను సమానాధికారముతో చక్రవర్తులను జేసిరి. వారి వెండి నాణెములపై చేతిలో చేయి. చుట్టును ‘పరస్పరప్రేమ’ యను మాట. మూడు నెలలు గడచినవో లేదో, అంగరక్షకులే నగరిపై బడిరి. జర్మను భటులను పిలిపింతమని పుపియెనసు వేడెను. అది తనపై పన్నిన పన్నాగమని బాల్బినసు అడ్డుపడెను. ఆ వాదులాటలోనే ఇద్దఱును చిక్కి హతులైరి.

ఆ నాణెము చెల్లుబడి రెండు దీనారములు. అందలి వెండి మాత్రము ఒకటిన్నర దీనారముపాటిది.