నెలలు నిండని బిడ్డల ఊపిరి

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకును గాని, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదని మన పెద్దలు చెప్పుచుండిరి. వైద్యశాస్త్రము ఈ మాటను అంగీకరింపదు. తల్లి గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. 37 వారములు నిండక పూర్వము పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలందురు. 2020వ సంవత్సరమున మన దేశములో అట్టివారు సుమారు 30 లక్షల మంది జన్మించిరి.

ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొని పోకుండ కాపాడు పదార్థమొకటి కలదు. అది చివరి వారములలోనే చాలినంత ఊరును. అది కొరవడుటయే ఈ బిడ్డల ఆయాసమునకు కారణమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు దినములైన నిండక మరణించెను. దేశాధ్యక్షుని బిడ్డకును నాడు మందు లేకపోయెను. 1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆ పదార్థమును బిడ్డల ఊపిరితిత్తులలోనికి పంపి మేలు కలిగించినట్లు ప్రకటించెను.

అయితే ప్రాణము నిలిపిన చికిత్స కొందరియందు గుర్తు మిగిల్చినది. ఎక్కువైన ప్రాణవాయువును, శ్వాసయంత్రపు ఒత్తిడియును లేత ఊపిరితిత్తులను గాయపరచునని 1967లో నార్త్‌వే మొదలగువారు వెల్లడించిరి. ఇట్టి బిడ్డలకు పసితనమున దగ్గు, పిల్లికూతలు, మరల మరల ఆసుపత్రి తప్పకపోవచ్చును. కాని గాలిగదులలో అధికభాగము పుట్టిన తరువాతనే, ముఖ్యముగా మొదటి రెండు మూడేండ్లలో ఏర్పడును. కావున ఆసుపత్రినుండి ఇంటికి వచ్చుటతో వైద్యము ముగియలేదు. ఇంటి గాలియు వైద్యములో భాగమే.

మంచిర్యాల జిల్లాలో సింగరేణి బొగ్గుగనుల నడుమనున్న రామకృష్ణాపూర్ వంటి ఊళ్లలో ఈ మాట మరింత వర్తించును. బిడ్డ ఉన్న ఇంట బొగ్గుపొయ్యి గాని, బీడీ పొగ గాని ఉండరాదు. గనినుండి వచ్చిన తండ్రి స్నానముచేసి, బట్టలు మార్చుకొనిన పిదపనే బిడ్డను ఎత్తుకొనవలెను.

ఇట్టి బిడ్డ వయస్సుకు రెండు లెక్కలు కావలెను. టీకాలు పుట్టిన తేదీనిబట్టి వేయింపవలెను. కూర్చుండుట, నడచుట, మాటలాడుట మాత్రము రెండేండ్లవరకు ప్రసవము కావలసిన తేదీనుండి లెక్కించి చూడవలెను. లేనిచో తల్లికి అకారణమైన దిగులు కలుగును. రెండు కిలోలకంటె తక్కువ బరువుతో గాని, 34 వారములకు ముందుగా గాని పుట్టినచో నెలలోపల కంటిపరీక్ష తప్పనిసరి. వినికిడియు చూపింపవలెను.

ఎక్కువమంది బడికి పోవుదురు, ఆడుదురు, పాడుదురు. కాని మనిషి ఊపిరిబలము ఇరువది, ఇరువదియైదేండ్లవరకు పెరిగి, ఆపై మెల్లగ తరుగును. ఈ వ్యాధితో పెరిగినవారికి ఆ నిలువ మొదటనే తక్కువగ ఉండవచ్చును. తండ్రి దిగిన గనిలో కొడుకును దిగు ఊరిలో ఇది చిన్న విషయము కాదు. ఉద్యోగము దక్కదేమోయని పుట్టుక సంగతి దాచవలెనని తోచవచ్చును. దాచినంతమాత్రమున బొగ్గుదుమ్ము దయతలపదు. ఆరేండ్లు నిండిన పిదప ఊపిరిపరీక్ష చేయించి, ఆసుపత్రి కాగితములు పదిలపరచి, ఎదిగిన బిడ్డకు అప్పగింపుడు. ఇల్లుపట్టాతోపాటు దాచదగిన కాగితములవి.