రైలు దిగిన ఆడపిల్ల
(రేడియో ప్రసంగ పాఠము)



మీలో చాలామంది కాజీపేట జంక్షన్‌లో రైలు దిగినవాళ్ళే. తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద ఒళ్ళో సంచి పెట్టుకొని ఒంటరిగా కూర్చున్న ఆడపిల్లను ఎప్పుడైనా చూశారా? చూసి, మనకెందుకులే అని ఆటో ఎక్కేశాం, అవునా? మనం వెళ్ళిపోయాక ఆమె దగ్గరకు వచ్చేది పని ఇప్పిస్తానని చెప్పే మోసగాడే.

ఈ సంగతి నూరేళ్ళకు పూర్వమే గుర్తించిన ఒక స్త్రీ ఉన్నారు. ఆమె పేరు లోలా బాల్డ్విన్. 1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో మన నాంపల్లి నుమాయిష్ వంటిదే గొప్ప ప్రదర్శన జరిగింది. పని దొరుకుతుందని అమ్మాయిలు రైళ్ళలో వచ్చారు. వారికోసం కాచుకొనియున్నవాళ్ళు కూడా వచ్చారు. ట్రావెలర్స్ ఎయిడ్ అనే సేవా సంస్థ తరఫున బాల్డ్విన్ గారు ఆ పిల్లలకు నమ్మకమైన బస, గౌరవమైన పని చూపించే బాధ్యత తీసుకొన్నారు. ప్రదర్శన ముగిసింది గాని అవసరం తీరలేదు. 1908 ఏప్రిల్ 1న ఆమె నగర పోలీసు శాఖలో ప్రమాణం చేశారు. ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు వచ్చింది 1912లో. చూడండి, ఓటు లేని స్త్రీ చేతికి పోలీసు అధికారం వచ్చింది!

నాకు బాగా నచ్చిన సంగతి వేరొకటి. ఆమె తన ఆఫీసును పోలీసు స్టేషన్‌లో గాక వై.డబ్ల్యు.సి.ఎ.లో పెట్టుకొన్నారు. భయపడిన పిల్ల స్టేషన్ మెట్లెక్కదని ఆమెకు తెలుసు. ఆమె చేసినదంతా ఒప్పని నేననను. పిల్లల మేలు కోరుతూనే కొన్నిసార్లు వారి ఇష్టాన్ని అడగలేదు. ఆ తప్పు మన పెద్దల్లోనూ ఉంది కదా!

మన దగ్గరకు వద్దాం. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాయి. ముందు నిలిచి నడిపించినది ఐపీఎస్ అధికారిణి స్వాతి లక్రా గారు. మామూలు బట్టలతో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర నిలబడి, ఆడపిల్లలను వేధించేవాళ్ళను పట్టుకొన్నారు. 2015లో అవి మన ఓరుగల్లుతో సహా జిల్లాలకు వచ్చాయి. 2016లో హైదరాబాదులో భరోసా కేంద్రం తెరిచారు. పోలీసు, వైద్యం, న్యాయ సలహా, ఓదార్పు మాట, అన్నీ ఒక్కచోటే. దెబ్బతిన్న పిల్ల తన కథను పదిమందికి పదిసార్లు చెప్పుకోనక్కరలేదు.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు అరణ్యంలో నీటి ఊట దగ్గర కూర్చున్నది. గర్భవతి, పారిపోయినది. దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడినుండి వస్తున్నావో, ఎక్కడికి వెళ్తున్నావో అడిగాడు. శారయి గాని అబ్రాము గాని ఆమెను పేరుతో పిలిచినట్టు ఆ అధ్యాయంలో కనబడదు. అయితే దూత ఆమెను తిరిగి వెళ్ళమన్నాడు గదా అని, కొట్టే ఇంటికి ఆడపిల్లను పంపే పెద్దలున్నారు. ఆగండి, 21వ అధ్యాయం కూడా చదవండి. అక్కడ దేవుడు ఆమెను వెనక్కి పంపలేదు, నీళ్ళ ఊట చూపించాడు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక చెల్లెమ్మ ఆరాధన అయ్యాక వచ్చి, "అయ్యగారూ, ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంది" అన్నది. ప్రార్థన చేసి, సర్దుకుపో తల్లీ అని పంపించాను. ఆమె ముఖం వాచి ఉంది. ఎందుకు వాచిందని అడగలేదు. ఆ తరువాత ఆమె మన మందిరానికి రాలేదు.

సంఘ పెద్దలారా, మందిరం నోటీసు బోర్డు మీద మూడు నంబర్లు రాయండి: స్త్రీలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112. స్త్రీల కూటమిలో ఇద్దరు అమ్మగార్లను ఏర్పరచండి. పిల్లలు మగవాళ్ళతో చెప్పుకోలేనివి వాళ్ళతో చెప్పుకొంటారు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.