పాఠశాల కమిటీ – మన బాధ్యత
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండము శతవార్షికోత్సవములు జరుపుకొను ఈ శుభవేళ, పాస్టరేటు పాఠశాల కమిటీ సభ్యులమైన మమ్మును మాటలాడుమని కోరిన పెద్దలకు వందనములు. మన బడుల పూర్వవైభవమును వర్ణించుట సులభము. కాని కమిటీలో కూర్చుండు మేము ఏమి చేయుచున్నాము, ఏమి చేయక విడిచితిమి అనునది చెప్పుటయే మేలని తలంచితిమి.

తెలుగుదేశములో సంఘమును బడియు తోబుట్టువులవలె పెరిగినవి. 1842లో ఫాదర్ హయ్యరుగారు గుంటూరు వచ్చి బడి పెట్టిరి. 1843లో నోబుల్ దొరగారు మచిలీపట్నములో పాఠశాల తెరచిరి. పల్లెలలోనైతే ఒకే పాక ఆదివారము గుడి, తక్కిన దినములలో బడి, ఉపదేశిగారే పంతులు. ఇతర బడుల గడప ఎక్కనివ్వని పిల్లలు ఆ పాకలో పలక పట్టిరి. మన తాతలనేకులు అక్షరము నేర్చినది అక్కడనే.

1854 నాటి విద్యావిధానముతో గ్రాంటు పద్ధతి వచ్చినది. మిషనరీలు వెళ్లిన తరువాత బడుల యాజమాన్యము మన చేతికి వచ్చినది. అల్పసంఖ్యాక వర్గములు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును రాజ్యాంగము 30వ అధికరణములో ఇచ్చినది. హక్కు రాజ్యాంగమిచ్చును, నిర్వహించుట మన వంతు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా కమిటీ కూడి, రోడ్డువైపు బడి స్థలములో కొట్లు కట్టి అద్దెకిచ్చుటను గూర్చి రెండు గంటలు వాదించుకొనెను. ముగింపు ప్రార్థనకు లేచుచుండగా, బడిలో వంట చేయు అక్క గుమ్మములో నిలిచి, "అయ్యగారండీ, బియ్యం రేపటికే ఉన్నాయండి. పంతులమ్మగారు రిటైరైనకాడ్నించీ అయిదో తరగతి పిల్లలు ఊరకే కూచుంటున్నారు. ఆ సంగతేమన్నా అనుకున్నారాండి?" అని అడిగినది. మాలో ఎవరికిని జవాబు లేకపోయెను.

మరునాడు ఆ తరగతికి వెళ్లితిమి. 19 మంది పిల్లలలో తెలుగు వాచకము తడబడక చదివినవారు నలుగురే. ఆ 19 మందిలో కమిటీ సభ్యుల పిల్లలు ఒక్కరును లేరు. మా పిల్లలు బస్సెక్కి టౌనులోని ఇంగ్లీషు మీడియము బడికి పోవుచుండిరి.

కమిటీ పని ఏమిటో ఆ దినమున మాకు తెలిసినది.

మొదటిది, చూచుట. నెలకొకసారి ఇద్దరు సభ్యులైనను బడికి వెళ్లి హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనము, మంచినీరు, ఆడపిల్లల మరుగుదొడ్డి చూడవలెను. పాఠము చెప్పు తీరులో తలదూర్చరాదు. అది హెడ్మాస్టరుగారి పని.

రెండవది, ఉపాధ్యాయులు. ఖాళీ వచ్చిన వెంటనే కరస్పాండెంటుగారి ద్వారా పైవారికి వ్రాయవలెను. మంజూరు ఆలస్యమైనచో సంఘము చేయి చాచవలెను. ఎవరిని నియమించినను అర్హత చూడవలెనే గాని చుట్టరికము చూడరాదు.

మూడవది, ఆస్తియు లెక్కలును. దస్తావేజులు ఎవరి ఇంటి పెట్టెలోనో ఉండరాదు. జమాఖర్చులు ఏటేట సంఘము ఎదుట చదువవలెను. బడి స్థలముపై వచ్చు ప్రతి రూపాయి బడికే చేరవలెను.

నాల్గవది, తల్లిదండ్రులు. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలెనని చెప్పినది. ఆ చట్టము అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. ఆ ప్రశ్న 2025లో మరల ఆ కోర్టు ముందుకు వచ్చినది. చట్టము బలవంతపెట్టినను పెట్టకున్నను, తల్లులను పిలిచి కూర్చుండబెట్టుటకు మనకేమి అడ్డు? 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ బడులను ప్రభుత్వమునకు అప్పగించు ఏర్పాటు వచ్చినప్పుడు, కొన్ని పట్టణములలో విద్యార్థులును తల్లిదండ్రులును వీధికి వచ్చి తమ బడి ఉండవలెనని అడిగిరి. బడి ఎవరిదో వారు మనకంటె ముందుగా ఎరిగిరి.

ఆ సంవత్సరము మేము కొట్లు కట్టలేదు. కోతల పండుగ కానుకలో నుండి ఒక పంతులమ్మకు జీతమిచ్చితిమి. ఏడాది చివరకు 14 మంది వాచకము చదివిరి. ఇంకను తడబడుచున్న అయిదుగురి పేర్లు మా మినిట్సు పుస్తకములో వ్రాసికొంటిమి. నాటినుండి మా ప్రతి కూటములో మొదటి అంశము పిల్లల చదువు. అద్దెల సంగతి చివరిది.

ప్రియులారా, తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మనమందరము ఎరిగినదే. అతడు దానిని దొంగిలించలేదు, పోగొట్టలేదు, ఊరక దాచెను. గేటుకు తాళము వేసి స్థలమును కాపాడితిమని చెప్పుకొను కమిటీ అతనికంటె మేలైనదా? రాబోవు నూరేండ్లలో మన బడులు గోడలుగా మాత్రమే మిగులకుండ, పిల్లల స్వరముతో నిండియుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.