అక్కి మానినను మానని నొప్పి
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. మెట్రిక్ చదివి రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేయుచున్నవారము. అయినను, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఈ ఖుర్దారోడ్డులో స్థిరపడిన మన కుటుంబములలో పెద్దవారు లేని ఇల్లు లేదు. కనుక మా యింట జరిగిన పొరపాటును దాచక చెప్పుట మంచిదని తోచినది.

నిరుడు మా నాన్నగారికి రొమ్ము కుడిప్రక్కన అక్కి లేచినది. మనవారి ఆచారము చొప్పున ఎర్రమట్టితో అక్కి వ్రాయించి ఊరకున్నాము. కొన్ని వారములకు పొక్కులు మాడినవి గాని నొప్పి పోలేదు. చొక్కా తగిలినను నిప్పు సోకినట్లుండెడిది. నిద్ర లేదు. భజనకు వచ్చుట మానినారు. మనుమలు పిలిచినను పలుకరు. "పుండు మానినది గదా, ఇంకను నొప్పి ఎక్కడిది? మనస్సు గట్టి చేసికొనండి నాన్నగారూ" అని మేమే విసుగుకొన్నాము. ఆయన మారుమాట లేక గోడవైపు తిరిగినారు.

నాలుగు నెలలకు వైద్యుని వద్దకు తీసికొనిపోగా ఎమిట్రిప్టిలిన్ అను బిళ్ల స్వల్పమోతాదులో వ్రాసినారు. అది మనోవ్యాకులతకు ఇచ్చు మందని షాపులో తెలిసి, "మా నాన్నగారికి పిచ్చి అనుకొన్నారా?" అని తిరిగి వెళ్లి అడిగినాము. ఆయన కోపపడక ఇట్లు వివరించినారు.

చిన్ననాటి ఆటలమ్మ క్రిమి నరముల మూలములలో దాగి, వయస్సు మీరి రక్షణశక్తి తగ్గినప్పుడు తిరిగి లేచును. అదే అక్కి. అది నరమును గాయపరచును. గాయమైనచోట లోపలి వాపు పుట్టును. అప్పుడు రక్షణకణములు వదలు సైటోకైన్లు అను రసాయనముల వలన నరము చిన్న తాకిడికే కేకవేయును. బండి వెళ్లిపోయినను గేటు గంట మ్రోగుచునే యున్నట్లు! వాని సందేశము మెదడునకు చేరి నిద్రను, ఆకలిని, ఉత్సాహమును కూడ తగ్గించును. జ్వరము వచ్చిననాడు ఎవరితోను మాటాడ బుద్ధి పుట్టదు గదా, అట్లే. నొప్పి దిగులును, దిగులు నొప్పిని పెంచును. మెదడునుండి వెన్నుపామునకు దిగి నొప్పిని అణచు మార్గమొకటి కలదు. ఈ బిళ్ల దానికి బలమిచ్చును. మామూలు నొప్పి బిళ్లలు ఇట్టి నొప్పికి అంతగా పనిచేయవు.

మా నాన్నగారికి నొప్పి పూర్తిగా పోలేదు, సగము తగ్గినది. నిద్ర పట్టుచున్నది. అదిగో, వదులు చొక్కాతో మూడవ వరుసలో కూర్చున్నారు. ఆనాడు మేమన్న మాటకు మీయందరి యెదుట క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

మనవి రెండే. అక్కి కనబడిన 72 గంటలలోపల వైద్యునికి చూపించండి. అప్పుడు మందు మొదలిడినచో తీవ్రత తగ్గును. 50 ఏండ్లు దాటినవారికి టీకా కూడ 2023 నుండి మన దేశములో దొరకుచున్నది. మా నాన్నగారికిచ్చిన బిళ్ల అందరికీ సరిపడదు. వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

రెండవది, పెద్దలు నొప్పి అన్నచో నమ్మండి. కంటికి కనబడని గాయము కూడ గాయమే.