గుండె కవాటములకు పట్టు బూజు

ఏర్పేడు పరిసరములలో కార్తికమాసపు వానలకు తడిసిన వేరుసెనగకాయను ఒలిచి చూచినచో పప్పుమీద పచ్చని బూజు కానవచ్చును. ఆస్పర్జిల్లస్ అను ఈ జాతి బూజుల బీజములు గాలిలో నెల్లప్పుడును ఉండును. మనమందరమును వానిని పీల్చుచునే యున్నాము; సాధారణముగా నేమియు కాదు. కాని ఈ జాతి బూజు బహు అరుదుగా మనుష్యుని గుండెలోను పెరుగును. ఆ సంగతినే నేడు మనవి చేయదలచితిమి.

గుండెలోని నాలుగు కవాటములును దినమునకు ఇంచుమించు లక్ష పర్యాయములు తెరచుకొని మూసికొనును. ఆరోగ్యవంతమగు కవాటముమీద బూజునకు చోటు దొరకుట కష్టము. కవాటము మార్పించుకొన్నవారికిని, పెద్ద నరములో గొట్టముంచి చిరకాలము మందు లెక్కించుకొన్నవారికిని, దేహబలము సన్నగిల్లినవారికిని భయము హెచ్చు. వీరిలో తరచుగా కనబడునది ఆస్పర్జిల్లస్ కాదు, మన ప్రేవులలోనే అణగియుండు కాండిడా.

జ్వరము, నీరసము, ఆయాసము: ఇవియే లక్షణములు. టైఫాయిడని కొన్నాళ్లు గడచిపోవుటయు కలదు. రక్తమును సాగుచేసి చూచినను ఆస్పర్జిల్లస్ మాత్రము తరచుగా బయటపడదు. కవాటముపై పెరిగిన ముద్ద తునిగి రక్తములో కొట్టుకొనిపోయి మెదడునకో కాలికో అడ్డుపడును. కాలినుండి తీసిన గడ్డను సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు గాని బూజు పోగులు కనబడని సందర్భములును గలవు.

యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున లెడర్లీ పరిశోధనశాలనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిను బాక్టీరియాను అణచును గాని బూజును అణచదు. పైగా అట్టి మందులను అతిగా వాడినచో ప్రేవులలోని బాక్టీరియా నశించి కాండిడా విజృంభించును. వింత యేమన, 1953లో ఒక శిలీంధ్రజాతికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసిరి!

బూజునకు వేరు మందులు గలవు. వెనిజులాలో ఒరినోకో నదీతీరపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి 1950ల నడుమ లభించిన ఆంఫోటెరిసిన్ వానిలో ముఖ్యమైనది. మూత్రపిండములకు శ్రమ కలిగించును గనుక ఆసుపత్రిలోనే ఎక్కింపవలెను. తరచుగా చెడిన కవాటమును తీసివేయక తప్పదు. పిమ్మట నెలల తరబడి, కొందరికి జీవితాంతము, మాత్రలు వాడవలసియుండును. ఇంత చేసినను పలువురు దక్కరు. ఈ మాట దాచుట మాకు ధర్మము కాదు.

కావున కవాటము మార్పించుకొన్నవారు జ్వరము తగిలినచో అంగడిలో మాత్రలు కొని మ్రింగక, ఆపరేషను కాగితములు చేతబట్టుకొని వైద్యుని కడకు పోవలెను. రక్తము పరీక్షకు తీయకముందే మందు మ్రింగినచో రోగకారణము మరుగుపడవచ్చును. ఏర్పేడువారికి తిరుపతి దూరము కాదు. అచటి స్విమ్స్ ఆసుపత్రిలో గుండె వైద్యమును, గుండె శస్త్రచికిత్సయు గలవు. జ్వరములో నున్నవారికి హఠాత్తుగా కాలు చల్లబడినను, మాట తడబడినను తెల్లవారువరకు ఆగరాదు.